రెండు గీతల మధ్య నావ

భవానీపురంలో జయపాల్ కీబోర్డు మీద చేయి వేస్తే కృష్ణ అవతల తాడేపల్లి దాకా టకటక వినిపిస్తుందట. ఎవరు చెప్పారంటే జయపాలే. ఇంటర్ మధ్యలో వదిలేసి డీటీపీ షాపు పెట్టిన మనిషి. చర్చి సంఘం పాటల పుస్తకం, నాలుగు వందల పన్నెండు పాటలూ, వర్డ్‌లో కొట్టింది అతనే.

గుళ్ళో ఆ పాటలు ఎత్తుకునేది సంపూర్ణమ్మ గారు. నిరుడు ఆమెకు చూపు పోయింది. అప్పటినుంచీ పాటకో చరణం జారిపోతోంది.

"ఈ ఆదివారం కూడా తడబడితే మైకు వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను నాయనా," అన్నారు.

"ఫోనే మీ చెవిలో చదివేలా చేస్తానండీ. టీ చల్లారేలోపు పని!" అని కోతలు కోశాడు జయపాల్.

వర్డ్ ఫైలును విడదీసి, ఇది పాట పేరు, ఇది చరణం అని ముక్కముక్కకీ గుర్తు తగిలించే సాఫ్ట్‌వేర్ ఒకటి దించాడు. ఆ గుర్తులుంటేనే ఫోను ఏది ఏమిటో పోల్చుకుని చదువుతుంది. నిజంగానే టీ చల్లారలేదు. శనివారం పొద్దున్నే ఆమెకు వినిపించాడు.

"పాట ముప్పై ఒకటి. నావ నడుపు నాయకా," అంది ఫోను. ఆమె మొహం వెలిగింది. మొదటి చరణం అయింది. "పట్టిక. ఒక వరుస, మూడు గడులు. నావ."

"పాటలో పట్టికేంటి జయపాలూ? రేషన్ కార్డా?"

చరణం చివర మళ్ళీ పల్లవి అందుకోమని, దాని మొదటి మాటను ||నావ|| అని గీతల మధ్య పెట్టడం మన పాటల పుస్తకాల్లో అలవాటు. సాఫ్ట్‌వేర్‌కి పల్లవేం తెలుసు? గీత కనబడితే గడి అనుకుంది.

"సాయంత్రానికి సరిచేస్తానండీ," అన్నాడు. అన్నీ ఒక్క దెబ్బకు మార్చబోతే సగమే మారాయి. మిగతావి అసలు గీతలే కావు. అప్పట్లో తొందరలో ఒకచోట ఇంగ్లీషు చిన్న ఎల్, ఒకచోట పెద్ద ఐ, చేతికి ఏది తగిలితే అది కొట్టాడు. కాగితం మీద అన్నీ ఒక్కలాగే కనబడ్డాయి మరి!

"తాడేపల్లి దాకా వినిపించింది ఈ ఎల్లులేనా?" అంది భార్య హెలెన్, అన్నం కంచం పక్కన పెడుతూ.

జయపాల్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఒక్కో పాటా తెరిచి, ఒక్కో గీతా తీసేసి, 'పల్లవి' అని గుర్తు పెట్టుకుంటూ పోయాడు. కంచం ముట్టలేదు. ఒక్కటి మిగిలినా రేపు అందరి ముందూ ఆమె ఆగిపోతారు.

ఆదివారం ముప్పై ఒకటో పాటే వచ్చింది. సంపూర్ణమ్మ గారు చెవిలో తీగ పెట్టుకుని ఎత్తుకున్నారు. మొదటి చరణం అయింది. ఆగారు. జయపాల్ కూర్చున్నచోటి నుంచి సగం లేచాడు. ఏది వదిలేశాను? ఎల్లా, ఐయా?

"నావ నడుపు..." అంటూ ఆమె అందుకున్నారు. సంఘమంతా అందుకుంది.

బయటికి రాగానే వెళ్ళి పట్టుకున్నాడు. "వందనాలండీ. అక్కడ ఆగారేంటి, మళ్ళీ పట్టిక అందా?"

"అరవై ఎనిమిదేళ్ళదాన్ని, ఊపిరి తీసుకోవద్దంట్రా?"

ఆ సాయంత్రానికి జయపాల్ టకటక తాడేపల్లి కంటే దూరం, కంకిపాడు దాకా వెళ్ళింది.