రెండు బొగ్గు గీతలు

నా చిన్నప్పుడు జంషెడ్‌పూర్‌లో మేముండే క్వార్టర్ల లైనులో ఒక నియమం ఉండేది. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషి పగలు నిద్రపోతుంటే ఆ గుమ్మం ముందు పిల్లలు ఆడకూడదు. మేం చెప్పులు కూడా చేత్తో పట్టుకుని నడిచేవాళ్ళం. ఫ్యాక్టరీ సైరన్ లాగే ఈ నియమం కూడా అందరికీ ఒకటేనని నమ్మాను.

పక్కింట్లో మా నాన్న మీద అధికారం చేసే సూపర్‌వైజరు ఉండేవాడు. ఆయనకు తెలుగు రాదు. ఆయన పడుకున్నప్పుడు నేను తొక్కుడుబిళ్ళ ఆడానని చెవి మెలేసి, బిళ్ళను మురుగుకాలవలోకి విసిరేశాడు. మా నాన్న పడుకున్నప్పుడు మాత్రం ఆయన కొడుకులిద్దరూ మా గోడకే బంతి కొట్టేవారు. నాన్న క్రేన్ నడిపేవాడు. నిద్ర చాలక ఒక రాత్రి క్రేన్ మీదే కునుకు పట్టిందని, కింద మనుషులున్నారని అమ్మతో మెల్లగా చెప్పడం విన్నాను. అయినా వెళ్ళి అడగవద్దన్నాడు. ఆయన పైవాడు కదా అంది అమ్మ. పైవాడైతే నిద్ర ఎక్కువ కావాలా అంటే నన్ను కసిరింది. ఆ సూపర్‌వైజరు సైకిలు టైర్లు పొడవాలని నేనొక మేకు దాచుకున్నాను.

అప్పుడే శ్రీకాకుళం నుంచి మా అమ్మమ్మ వచ్చింది. మేకు చూసి లాగేసుకుంది.

"టైరు పొడిత్తే నువ్వు దొంగవవుతావు, ఆడు పెద్దమనిసవుతాడు. ఆగు" అంది.

మర్నాడు ఆ పిల్లలు బంతి మొదలుపెట్టగానే మా ముంగిట గోడ మీద చూరు నీడ అంచున బొగ్గుతో గీత గీసింది. వాళ్ళు ఆపి వెళ్ళాక, నీడ జరిగిన చోట ఇంకో గీత గీసింది.

తర్వాతి వారం రాత్రి డ్యూటీ సూపర్‌వైజరుకు వచ్చింది. నీడ మొదటి గీతను తాకగానే అమ్మమ్మ రోలును ఆయన కిటికీ కిందికి దొర్లించి ఎండుమిరపకాయలు దంచడం మొదలుపెట్టింది. నాన్న ఉద్యోగం పోతుందని అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని బతిమాలింది. అమ్మమ్మ వినలేదు. ఘాటుకు తుమ్ముతూ, ఎర్రటి కళ్ళతో ఆయన బయటికొచ్చి హిందీలో అరిచాడు. అమ్మమ్మకు హిందీ రాదు. రోకలి ఆపకుండానే నావైపు చూసింది.

"ఏటంతన్నాడే?"

"నిద్దర సెడిపోతందంట."

"ఆల పిల్లలు ఎంతసేపు బంతాడేరో అంతసేపే దంచుతానని సెప్పు. రెండో గీత ఇంకా రాలేదని సెప్పు. మరేద తగ్గకండా సెప్పు."

చెప్పాను. హిందీలో ఎన్ని 'జీ'లు ఉంటే అన్నీ తగిలించి, గీతలు వేలితో చూపిస్తూ తీరిగ్గా చెప్పాను. నా చెవి మెలేసిన మనిషి నా మాట పూర్తయ్యేదాకా నిలబడి వినాల్సి వచ్చింది. లైనంతా గుమ్మాల్లోకి వచ్చి చూస్తోంది. ఆయన గీతల వంక చూశాడు, గుమ్మంలో నిలబడ్డ తన కొడుకుల వంక చూశాడు, లోపలికి వెళ్ళిపోయాడు. అమ్మమ్మ రెండో గీత దాకా దంచింది. ఆపైన ఒక్క పోటు కూడా వేయలేదు.

మా కసి ఊరికే తీరలేదు. ఆ తర్వాత నాన్నకు రాత్రి డ్యూటీలు వరసగా పడ్డాయి. నాన్న అమ్మమ్మ మీద కొన్నాళ్ళు చిరాకు పడ్డాడు. కానీ మా గోడకు మళ్ళీ బంతి తగల్లేదు. నాన్న పగలంతా గురకపెట్టి నిద్రపోయేవాడు. ఆ గురక వింటుంటే నాకు గెలిచినట్టుండేది.

ఇప్పుడు నా కూతురికి నాలుగేళ్ళు. ఒకే అల్లరికి తనను తిట్టి తోటి పిల్లాణ్ణి వదిలేశారని, "వాడినైతే ఎందుకేమీ అనరు?" అని రోజూ అడుగుతుంది. ఇలాంటివి పట్టించుకుని దీనికి పగ నేర్పుతున్నానేమోనని భయపడతాను. ఆ సూపర్‌వైజరు పోయాడని మొన్న తెలిసినప్పుడు కూడా నాకు జాలి కలగలేదు, అదీ భయమే. అయినా పెద్దవాళ్ళు కదా ఊరుకో అని మాత్రం దానితో అనలేను. అది చెప్పింది నిజమో కాదో ముందు కనుక్కుంటాను. నిజమైతే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, అడగాల్సిన వాళ్ళ ఎదుట నిలబెట్టి, దాని నోటితోనే అడిగిస్తాను. వాళ్ళు పూర్తిగా వినేదాకా అక్కడి నుంచి కదలను.