గాలికి లేచిన దుక్కి

ఇరవై రెండేళ్లుగా ట్రాక్టరు తోలుతున్న అతన్ని అందరూ పిండిదుక్కి అనేవారు. అతను దున్నితే మట్టిగడ్డ మిగిలేది కాదు, నేల జల్లెడ పట్టిన పిండిలా ఉండేది. ఆ పేరంటే అతనికి గర్వమే.

వరసగా రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. మూడో ఏడు ఎండలకు చెరువు నెర్రెలిచ్చింది. అయినా అలవాటు కొద్దీ అందరూ వానకు ముందే దున్నించారు, అతనూ దున్నాడు. వాన మాత్రం రాలేదు.

ఒక మధ్యాహ్నం ఊరికి పడమట తన అన్నయ్య చేలో దున్నుతుండగా గాలి స్తంభించింది. చూస్తుండగానే ఎర్రటి దుమ్ముగోడ ఒకటి ఆకాశమంత ఎత్తున కదిలొచ్చింది. ట్రాక్టరు ముందుచక్రాలు కూడా కనబడలేదు. ఇంజను ఆపి, మొహానికి తువ్వాలు చుట్టుకుని, పెద్దచక్రం చాటున గంటసేపు ముడుచుకు కూర్చున్నాడు.

ఇంటికి వెళ్లేసరికి భార్య దగ్గుతూ గదులు ఊడుస్తోంది. చేట నిండా ఎర్రదుమ్ము.

"ఇదిగో, మీ దుక్కి మీకంటే ముందే ఇంటికొచ్చింది," అంది.

అతను నవ్వబోయాడు. చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపాక నవ్వు రాలేదు. అది అన్నయ్య చేలోని పైమట్టి.

మర్నాడు వెళ్లి చూశాడు. తను దున్నినచోట రెండు వేళ్ల మందాన మట్టి లేచిపోయి, కింద గట్టినేల బయటపడింది. గట్టు పక్కన దున్నకుండా వదిలేసిన ముక్కలో మాత్రం కోత తర్వాత మిగిలిన జొన్న కొయ్యకాళ్ల మొదట్లో మట్టి చెక్కుచెదరలేదు. తడి ఉంటే మట్టి ముద్దకట్టి ఉండేది. కొయ్యకాళ్లుంటే గాలి జోరు తగ్గేది. రెండూ లేని నేలను వేడిగాలి ఎత్తుకుపోయింది. వాన తన చేతిలో లేదు, నాగలి ఉంది.

ఆలస్యంగా పడ్డ నాలుగు చినుకులకు ఆ ఏడు జొన్న అరకొరగా పండింది. మరుసటి ఏడు, కొయ్యకాళ్లున్న చేలను వాన పడేదాకా దున్ననని చెప్పేశాడు. అన్నయ్య భగ్గుమన్నాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ సంగతి! బండి పాడైందని చెప్పరాదూ?"

"బండికేం, బాగానే ఉంది అన్నయ్యా. నీ చేనే మా ఇంట్లోకొచ్చి పడుతోంది. సగమైనా దున్నకుండా వదిలెయ్."

అన్నయ్య గొణుక్కుంటూనే సగం వదిలి, మిగతా సగం వేరేవాళ్లతో దున్నించాడు. ఊళ్లో మిగిలినవాళ్లు ఆ సగమూ వదల్లేదు. పని తగ్గిన పిండిదుక్కి ట్రాక్టరుకు నీళ్ల ట్యాంకు తగిలించుకుని వీధివీధీ తిరిగాడు. ఆ పనిలో చేతులు ఖాళీగా ఉన్నట్టుండేది.

ఆ వేసవీ దుమ్ముగాలి వచ్చింది. తర్వాత ఆలస్యంగా ఒకే ఒక్క పెద్దవాన పడింది. కొయ్యకాళ్లున్న సగంలో విత్తనం మొలిచింది. దున్నిన సగంలో నీళ్లు గట్టినేల మీదుగా జారిపోయాయి.

తప్పయిందని అన్నయ్య అనలేదు, అనే మనిషీ కాదు. కోతల నాడు మాత్రం కబురు పెట్టి పిలిపించాడు.

"కొయ్యకాళ్లు ఇంకాస్త ఎత్తుగా ఉంచమని కూలీలకు నువ్వే చెప్పరా," అన్నాడు. "నేను చెబితే నవ్వుతారు."