తెలుగులో చెప్పని మాట

ఇది ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా. చర్చిలో మోకాళ్ళ మీద ఉండి దేవుడికి చెప్పబోయి, వేరే పాపాలేవో ఒప్పుకుని లేచొచ్చాను. ఇన్నేళ్ళుగా ఒక్క వాక్యం నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మీతో చెప్పేస్తాను, వినండి.

అరవైల్లో, నేను బందరులో బి.ఏ. పూర్తిచేసిన ఏడు, ఇంగ్లండులో ఎం.ఏ. చదివే పీటర్ అనే కుర్రాడు దివిసీమకు వచ్చాడు. హంసలదీవి దగ్గర యానాదుల గూడెంలో ఉండి వాళ్ళ హక్కుల కోసం పనిచేస్తానన్నాడు. చుట్టుపక్కల ఏ వస్తువు పోయినా ముందు యానాదినే పట్టుకెళ్ళి చితకబాదే రోజులవి. పీటర్‌కు తెలుగు రాదు. నేను దుబాసీని. మాలపల్లెలో పుట్టి ఇంగ్లీషు మాట్లాడేవాణ్ణని ఎంత మిడిసిపాటో నాకు!

ఒక సాయంత్రం మునసబు గారి కళ్ళంలో ధాన్యం బస్తాలు పోయాయి. మర్నాడు పొద్దున్నే గూడెంలోని పోలయ్యను పోలీసు స్టేషన్లో కూర్చోబెట్టారు. బస్తాలు పోయిన వేళకు పోలయ్య మడ అడవిలో మా ఇద్దరికీ పీతలు పట్టడం చూపిస్తున్నాడు. పీటర్ నా చెయ్యి పట్టుకుని స్టేషన్‌కు లాక్కుపోయాడు.

అక్కడ మునసబు గారు కుర్చీలో ఉన్నారు. మా నాన్న పాఠాలు చెప్పే బడి ఆయన స్థలంలోదే. పీటర్ ఇంగ్లీషులో చెప్పాల్సింది చెప్పాడు. ఎస్సై నావైపు తిరిగాడు.

"ఏమంటాడయ్యా దొర?"

"చెప్పవోయ్, పంతులుగారబ్బాయ్," అన్నారు మునసబు గారు నవ్వుతూ. "మీ నాన్న బాగున్నాడా?"

"వీళ్ళంతా ఒకేలా కనిపిస్తారటండీ. నిన్న తనతో ఉన్నది వీడో కాదో చెప్పలేనంటున్నారండీ," అన్నాను.

భయమా? భయమే. అంతేనా? యానాదివాడి పక్షాన నిలబడితే నన్నూ అతన్నీ ఒకే గాటన కట్టేస్తారన్న రోత లేదూ? మా తాతను ఊరివాళ్ళు ఏ చూపు చూశారో అదే చూపు నేను పోలయ్యను చూడలేదూ? ఛీ! నాన్న బడి మూతపడకుండా కాపాడానని చాలా ఏళ్ళు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను గానీ, మునసబు గారు ఆ రోజు బడి ఊసే ఎత్తలేదు.

పీటర్‌కు ఏమీ తెలియలేదు. థాంక్స్ అని నా భుజం తట్టాడు. గోడవారన కూర్చున్న పోలయ్యకు మాత్రం తెలుగు వచ్చు కదా. తలెత్తి నన్ను చూశాడు.

బయట అతని భార్య సుబ్బి ఎదురొచ్చింది. "దొరగారు చెప్పారా బాబూ?"

"చెప్పారమ్మా. వాళ్ళే వినలేదు."

పోలయ్య జైలు నుంచి కుడిచెయ్యి వంకరపోయి వచ్చాడు. మళ్ళీ వల విసరలేదు. చూడ్డానికి వెళ్తే, దొరతో పాటు నిలబడ్డావు బాబూ అంటూ సుబ్బి నాకు ఎండుచేపలు పొట్లం కట్టి ఇచ్చింది. అంటే అతను ఆమెకు చెప్పలేదు. ఎందుకు? అడగడానికి నోరు రాలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు.

క్షమించమని ఎవర్ని అడగను? అడగను. ఆ రోజు పీటర్ అన్న మాట తెలుగులో ఒక్కసారైనా చెప్పి పోవాలి, అంతే:

"నిన్న సాయంత్రమంతా పోలయ్య మాతోనే ఉన్నాడండీ. అతను దొంగ కాడు."