ఓబులమ్మ బోరు, పన్నెండో ఫైలు

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి అవతలికి వెళ్ళిపోయే మనిషిని నేను. పదిహేనేళ్ళుగా ఎండిన బోర్లలోకి కెమెరా దించుతున్నాను. ఐదారు వందల అడుగుల లోతు చీకటి నాకు రోజువారీ పని. జిన్నుల గురించి మా మేనత్త ఎన్ని చెప్పినా ఒక్కటీ నమ్మలేదు. ఇప్పుడు ఇది రాస్తున్నది కూడా ఎవరినో నమ్మించడానికి కాదు. అనుమానం ఉన్నవాళ్ళు మా ఇంటికి రావచ్చు. ఒక నోటుపుస్తకం, ఒక బస్సు టికెట్టు చూపిస్తాను.

మా ఊరి పేరు యాడికి. బోరులో నీళ్ళు తగ్గితే రైతులు నన్ను పిలుస్తారు. లైట్లున్న కెమెరాను కేబులుకు కట్టి లోపలికి దించుతాను. రాయి ఎక్కడ పగిలింది, నీళ్ళు ఏ పక్కనుంచి వస్తున్నాయి, అన్నీ తెర మీద కనిపిస్తాయి. మూలన ఎన్ని అడుగులు దిగామో అంకె కనబడుతుంది. కెమెరా కిందికి చూస్తుంది, పక్కలకు తిరుగుతుంది. పైకి చూడడం మాత్రం దానికి చేతకాదు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి.

రెండేళ్ళ కిందట ఓబులమ్మ చీనీతోటలో, అంటే బత్తాయి తోటలో, బోరు చూశాను. పదిమంది ముందు ఆమె, "రాండప్పా రాండి, ఖాదరు బోరులో సినిమా చూపిస్తాడంట, టికెట్టు కూడా లేదు" అంది. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో, ఎవరు ఎక్కడ నిలబడి నవ్వారో ఈ రోజుకూ చెప్పగలను. లోపల ఒకచోట బోరు గోడ బాగా వెడల్పయి ఉంది. దాన్ని మేము గ్యాప్ అంటాము. అది ఎన్ని అడుగుల్లో ఉందో మాత్రం ఆ ఉక్రోషంలో మనసుకు ఎక్కలేదు. వీడియో ఉంది కదా అనుకున్నాను.

మొన్న ఎండాకాలంలో ఆమె మోటారు కాలిపోయింది. పైకి లాగుతుంటే, పక్కనుంచి ఊడిన రాయి అడ్డుపడి ఇరుక్కుంది. మోటారు లాగే మేస్త్రి చేతులెత్తేశాడు. గ్యాప్ మోటారుకు పైన ఉంటే గట్టిగా లాగాలి, అక్కడ రాయి వదులవుతుంది. కింద ఉంటే దించి తిప్పాలి. తెలియక తప్పు పని చేస్తే పైపు తెగి మోటారు, బోరు రెండూ పోతాయి. పైపు లోపలే ఉంది కాబట్టి మళ్ళీ కెమెరా దించే దారి లేదు.

ఓబులమ్మ మా వాకిట్లోకి వచ్చి నిలబడింది. "ఏమప్పా ఖాదరూ, ఆ పొద్దు తీసిన సినిమా ఉండాదా నీ తాన?"

ఈసారి ఆమె నవ్వలేదు. భర్త పోయాక ఎనిమిదేళ్ళు ఒక్కతే పెంచిన తోట. మిగిలిన రెండు బోర్లూ ముందే ఎండిపోయాయి. ఆకులు అప్పటికే చుట్టుకుపోతున్నాయి. మేస్త్రి ఎల్లుండి పొద్దున వరకే ఉంటానన్నాడు.

ఆ వారమే నా ల్యాప్‌టాప్‌లో హార్డ్‌డిస్కు చచ్చిపోయింది. అయినా నాకు దిగులు లేదు. బయట ఒక చిన్న డిస్కు పెట్టుకుని నెలనెలా బ్యాకప్ తీసేవాణ్ణి. తీసిన ప్రతిసారీ పచ్చ గుర్తు వచ్చేది, విజయవంతం అని. ఆ ఏర్పాటు చేసింది అనంతపురంలోని ఒక కంప్యూటర్ దుకాణంవాడు. "నువ్వేం చూడాల్సిన పని లేదన్నా, అదే చేసుకుంటాది" అన్నాడు. ఆ రోజు నా కుర్చీ లాగి ఇంకొకరికి వేశాడు. అది వేరే సంగతి.

డిస్కు, ల్యాప్‌టాప్ తీసుకుని మరునాడు పొద్దున్నే అతని దగ్గరికి వెళ్ళాను. డిస్కులో పదకొండు ఫైళ్ళున్నాయి. పేరులో ముందు సంవత్సరం, నెల, తేదీ, తర్వాత గంట, నిమిషం, చివర ఇంక్రిమెంటల్ అనే మాట. అన్నిటికీ అదే మాట.

"ఫుల్ అని ఉండే పెద్ద ఫైలు యాడన్నా?" అన్నాడు.

తీసేశానన్నాను. డిస్కు నిండిపోతోందని అన్నిటికంటే పాతదాన్ని, పెద్దదాన్ని చెరిపేశాను. కొత్త రేషన్ కార్డు వచ్చాక పాతది ఎవరు దాచుకుంటారు? కొత్త ఫైల్లో పాతదంతా ఉంటుందనే అనుకున్నాను.

అతను పడీ పడీ నవ్వాడు. పక్కనున్నవాళ్ళకు కూడా చెప్పి నవ్వించాడు. "ఇటికెలు అమ్ముకొని సున్నం దాచిపెట్టినావన్నా."

అప్పుడు తెలిసింది. ఫుల్ ఫైల్లోనే అన్నీ ఉంటాయి. తర్వాతవి ముందుదానికీ ఇప్పటికీ మధ్య వచ్చిన మార్పులు మాత్రమే. మొదటిది లేకపోతే మిగిలినవి తెరుచుకోవు. పచ్చ గుర్తు వచ్చిందంటే ఫైలు రాయడం పూర్తయిందనే అర్థం. తిరిగి వస్తుందో లేదో ఒక్కసారైనా తెరిచి చూసుకోవాల్సింది మనమే. ఈ మాట డిస్కు అమ్మిన రోజు చెప్పి ఉంటే అతని నోరు పడిపోయేదా? పోయిన ఫైలు వెతికే సాఫ్ట్‌వేర్ కూడా పెట్టి చూశాడు. దాని మీద కొత్త ఫైళ్ళు ఎక్కేశాయి, ఏమీ మిగల్లేదు అన్నాడు.

అతని మీద ఫిర్యాదు రాయాలని అక్కడే నిర్ణయించుకున్నాను. పదకొండు పేర్లూ నోటుపుస్తకంలో రాసుకుని, కింద అతని చేత సంతకం పెట్టించాను. ల్యాప్‌టాప్ రిపేరుకు అక్కడే వదిలేశాను. డిస్కును ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. టికెట్టు మీద పదకొండు యాభై అయిదు అని ఉంది. దారి పొడవునా ఓబులమ్మకు ఏం చెప్పాలో తోచలేదు. ఎండిన చేలు చూడలేక కళ్ళు మూసుకున్నాను. నిద్ర మాత్రం పోలేదు. డిస్కు ఒళ్ళోంచి కదల్లేదు.

ఇంటికి చేరేసరికి ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. పొద్దుటినుంచీ అక్కడే ఉందట. నీళ్ళిచ్చినా తాగలేదట.

"ఉండాదా లేదా? ఒక మాట చెప్పు, పోతా" అంది.

లేదనే ముందు ఫైళ్ళ పేర్లు చూపించి, తప్పు ఎవరిదో వివరిద్దామని మా తమ్ముడి కంప్యూటరుకు డిస్కు తగిలించాను.

పన్నెండు ఉన్నాయి.

మూడుసార్లు లెక్కపెట్టాను. నోటుపుస్తకం తెచ్చి ఒక్కొక్క పేరూ టిక్కు పెట్టాను. అన్నిటికంటే కిందిది పుస్తకంలో లేదు. పేరు చివర ఫుల్ అని ఉంది. తేదీ ఆ రోజుదే. సమయం పన్నెండు నలభై. అప్పటికి నేను బస్సులో ఉన్నాను. డిస్కు దేనికీ తగిలించి లేదు.

నొక్కగానే, ముందు ఫైలేదీ అడక్కుండానే అది తెరుచుకుంది. లోపల ఒకే ఒక్క వీడియో.

తడి రాతి గోడ, తెల్లటి వెలుగు. మూలన అంకె నాలుగు వందల డెబ్బై. అంకె తగ్గుతోంది. అంటే కెమెరా పైకి వస్తోంది, పైకి చూస్తూ వస్తోంది. నాలుగు వందల ఇరవై ఎనిమిది దగ్గర గోడలు రెండు పక్కలా వెడల్పయ్యాయి. నిలువునా అయిదు అడుగుల గ్యాప్. దాని పైన, నాలుగు వందల ఇరవై దగ్గర, దారికి అడ్డంగా ఒక మోటారు గుండ్రటి ఇనుప అడుగుభాగం. ఒక పక్కన కొబ్బరికాయంత రాయి బిగుసుకుని ఉంది. ఆ ఇనుము మీద ఎర్రరంగు చుక్క.

"నా మోటారు. ఆ చుక్క నేనే పెట్టిస్తి, దొంగనాకొడుకులు ఎత్తుకపోకుండా" అంది ఓబులమ్మ.

ఆ మోటారు ఆమె కొన్నది నిరుడు. నేను కెమెరా దించింది అంతకు ముందు. ఆ రోజు బోరులో ఏ మోటారూ లేదు.

నేను వీడియోను వెనక్కి తిప్పి మళ్ళీ చూడబోయాను. ఆమె మాత్రం చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంది. "కిందే గదా గ్యాపు? లెయ్యి మల్ల!"

మరునాడు పొద్దున్నే మేస్త్రి చేత దింపించాం. "దించితే పోతాదక్కా, నన్ను అనొద్దు" అని అతను మూడుసార్లు చెప్పాడు. ఎనిమిది అడుగులు దించి ఎడమకు తిప్పగానే లోపల ఏదో జారి, చాలాసేపటికి నీళ్ళలో పడిన చప్పుడు వినిపించింది. మోటారు పైకి వచ్చింది. వీడియోలో రాయి ఉన్న పక్కనే దాని మీద గీత ఉంది. వారం లోపల కొత్త మోటారు దించారు. తోట బతికింది.

గడియారం తప్పి ఉంటుందన్నారు కొందరు. మా తమ్ముడి కంప్యూటరులో సమయం సరిగ్గానే ఉంది. ఫైలు ముందునుంచీ దాగి ఉండవచ్చని దుకాణంవాడు అన్నాడు. దాగి ఉన్న ఫైలుకు ఆ రోజు తేదీ ఎలా వచ్చింది, పైకి చూడలేని కెమెరా ఎలా చూసింది అని రాతపూర్వకంగా అడిగాను. జవాబు రాలేదు.

నెల తర్వాత శింగనమల వైపునుంచి నారాయణ అనే రైతు వచ్చాడు. అతని బోరు వీడియో కూడా నేను చెరిపిన ఆ పెద్ద ఫైల్లోనిదే. అతని మోటారు కూడా ఇరుక్కుంది. పైకి లాగారు. పైపు తెగింది. బోరు పోయింది, వెనకాలే తోటా పోయింది.

"ఓబులమ్మ బోరుకు యాడినించో ఫైలు వచ్చిందంటనే. మా బోరు ఏం పాపం చేసిందన్నా?" అన్నాడు.

డిస్కు తగిలించి చూపించాను. పన్నెండే ఉన్నాయి. అతను తెర వైపు చాలాసేపు చూశాడు, పదమూడోది వస్తుందేమో అన్నట్టు. నేనూ చూశాను. తర్వాత అతను లేచి, బస్సుకు వేళయిందని వెళ్ళిపోయాడు.

నా ఫిర్యాదులకు జవాబు ఇవ్వనివాళ్ళ పేర్లన్నీ నాకు గుర్తున్నాయి. నారాయణ అడిగినదానికి జవాబు ఇవ్వనివాణ్ణి నేనే. ఎవరిని అడిగి చెప్పాలో ఇప్పటికీ తెలియడం లేదు.