ఊటీకి పోయి చిక్కుకున్న లావణ్య, సినిమాకు పోయిన నేను

మా చిన్నప్పుడు... ఎండకాలం సెలవులు ఇయ్యంగనే మా పెదబాపు ఇంట్ల అటుక మీది సూట్‌కేసులు కిందికి దిగేటియి. ఆయనది డోర్నకల్‌ల రైల్వే నౌకరి, ఇల్లేమో మా వాడల్నే. రైల్వే పాస్ ఉండె... ఏడాదికో ఊరు తిరిగేటోళ్లు!

మా బాపు వరంగల్‌ల సాంచ మీద బట్ట నేసేటోడు. సాంచ ఆగితే ఇల్లు ఆగినట్టే. మాకు సెలవులంటే అష్టాచెమ్మ...

పెదబాపు బిడ్డ లావణ్యది నా ఈడే. ఆ ఏడు ఊటీకి పోతున్నమని చెప్పనీకి మా ఇంటికొచ్చింది. కొత్త స్వెట్టర్ తొడుక్కొని! మన వరంగల్ ఎండల! చెమటలు కారుతున్నా ఇప్పలే... నా కడుపు భగ్గుమన్నది.

నా మొఖం చూసి బాపు, "నడు బిడ్డా, మనం సినిమాకు పోదాం" అన్నడు.

సెలవులకని పోయి అడవిల చిక్కుకునే ఒక కుటుంబం కామెడీ అది. మొదటి భాగం టీవీల చూసి నేను, లావణ్య పొర్లి పొర్లి నవ్వినం. రెండో భాగం హన్మకొండల ఆడుతాంది. లావణ్య కంటె ముందు నేనే చూస్త! జర చల్లబడ్డ...

ఏం సినిమానో ఏమో... అదే కుటుంబం, ఈసారి దీవిల చిక్కుకున్నరు. అవే జోకులు. తండ్రి బురదల పడుడు, లేసుడు, మళ్ల పడుడు...

ఇంటర్వెల్‌ల బాపు మెల్లగ అడిగిండు, "నీకేమన్న నవ్వొస్తాందా?"

"లేదు బాపు."

"నాక్కూడ."

వారానికి లావణ్యోళ్లు తిరిగొచ్చిన్రు. "ఊటీ మొఖమే చూడలే చిన్నమ్మా!" అన్నది లావణ్య మా అమ్మతోని. నా పానం ఎంత నిమ్మళమైందో...

కానీ అది కూసొని మొదలుపెట్టింది. వానకు కొండ విరిగి తొవ్వ మీద పడ్డదట. బస్సు ఆగి, అందరు ఒక చాయ్ హోటల్ల చిక్కుకున్నరట. పెదబాపుకు అక్కడి భాష రాదు. గుడ్లు కావాలని కోడి లెక్క రెక్కలు కొట్టి చూపిస్తే, హోటలాయన బతికున్న కోడినే తెచ్చి చేతుల పెట్టిండట! అది ఎగిరి బస్సుల దూరితే అందరు దాని ఎంబడి...

అమ్మ కొంగు నోట్ల కుక్కుకున్నది. సినిమాల ఒక్కసారి కూడ నవ్వని మా బాపు, కండ్లల్ల నీళ్లు కారంగ నవ్విండు.

అప్పుడు మండింది చూడున్రి... ఊటీ బస్సెక్కినందుకు కాదు. మా బాపును అది నవ్వించినందుకు!

"మరి నువ్వేం చేసినవే?" అన్నది లావణ్య నాతోని.

"సినిమాకు పోయినం... నేను, బాపు."

"నిన్నొక్కదాన్నే తోల్కపోయిండా?" దాని మొఖం చిన్నగైంది. "మా బాపుకు ఎప్పుడు డ్యూటీనే... నన్నొక్కదాన్నే ఎన్నడు యాడికీ తీస్కపోలే."

అది కూడ నన్ను చూసి కుళ్లుకుంటదని నాకేం తెల్సు...

ఇప్పుడు ఎవలన్న ఊరికి పోతే, రైలు దిగకముందే ఫోటోలు మన ఫోన్లకొస్తయి. చూస్తం, లోపల మండుతది, పైకి ఒక లైక్ కొడ్తం... ఎదురుంగ కూసొని "మరి నువ్వేం చేసినవే?" అని అడిగేటోళ్లే లేరు.

మీరు చిన్నప్పుడు ఎవలను చూసి కుళ్లుకున్నరు? సిగ్గుపడకున్రి... కింద చెప్పున్రి.