రెండోసారి అడగాల్సిన ప్రశ్నలు

మా ఎదురు ఫ్లాట్ విశ్వేశ్వరరావుగారు రిటైరయ్యాక దూరవిద్యలో సైకాలజీ ఎం.ఏ. కట్టారు. మా మణికొండలో ఆ వయసువాళ్లు పొద్దున్నే వాకింగ్ చేస్తారు, లేదంటే ప్లాట్ల ధరలు మాట్లాడుకుంటారు. ఈయనేమో సగటు, ప్రామాణిక విచలనం అంటూ స్టాటిస్టిక్స్‌తో కుస్తీ పట్టేవారు. భార్య పోయాక ఆ ఇంట్లోంచి మాట వినపడిందే లేదు. పని లేకుండా ఒకరి తలుపు కొట్టే మనిషి కాదాయన. నాలుగిళ్లకు వెళ్లడానికి ఆయనకో కారణం కావాలి, అంతే.

పరిశోధన పద్ధతుల పేపర్‌కు ప్రాజెక్టు పడింది. నిద్ర మీద కొన్ని ప్రశ్నలు తయారుచేసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మా బ్లాకులో ఇల్లిల్లూ తిరిగారు. "రాత్రి మధ్యలో మెలకువ వస్తుందాండీ?" అని అడిగితే మనవాళ్లు ఊరుకుంటారా? మూడో అంతస్తు పద్మావతిగారు మెలకువతో మొదలుపెట్టి కోడలి దాకా వెళ్లారు. కాఫీలు, కబుర్లు. ఆ వారమంతా ఆయన మొహం పెళ్లింట్లో తిరిగే మనిషి మొహంలా వెలిగిపోయింది.

"ఇంకా ఉందండీ సౌజన్యగారూ," అన్నారు నాతో. "రెండు వారాలాగి ఇవే ప్రశ్నలు వీళ్లనే మళ్లీ అడగాలి. రెండుసార్లూ జవాబులు కలిస్తేనే నా ప్రశ్నలు నమ్మదగ్గవని లెక్క. అందరిళ్లకీ ఇంకోసారి వెళ్లాలండి." ఆ రెండు వారాలూ ఆయన ఎదురుచూడటం నేను చూశాను.

ఐదో అంతస్తులో లోహిత్ అని సాఫ్ట్‌వేర్ కుర్రాడున్నాడు. వాడి ఉపకారం తగలెయ్య! రెండోసారికి ఆ ప్రశ్నలన్నీ ఆన్‌లైన్ ఫారంలో పెట్టాడు. "అంకుల్, మీరు తిరగక్కర్లేదు. లింక్ మన బ్లాకు వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేశా, మధ్యాహ్నంకల్లా అందరూ నింపేస్తారు," అన్నాడు. నింపేశాం కూడా. ఒకరు క్యాబ్‌లో, ఒకరు మీటింగ్ మధ్యలో.

జవాబులు చక్కగా కలిశాయి. గైడ్ మెచ్చుకున్నారట. లిఫ్ట్ దగ్గర ఆ సంగతి చెబుతున్నప్పుడు ఆయన గొంతులో ఏ హుషారూ లేదు. ఉండబట్టలేక మా తలుపు తెరిచాను.

"రండి సార్, కాఫీ తాగి పోదురు."

ఆయన గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు.

"ఎందుకండీ? మీ జవాబులు వచ్చేశాయిగా," అన్నారు.