పసుపు టేపు, సూది మొన

మధ్యాహ్నం రెండూ పదికి పదకొండో నంబరు మిషను మీద సూది టప్పుమని విరిగి మూడు ముక్కలైంది. రెండు ముక్కలు అక్కడే దొరికాయి. మూడోది మొన. నువ్వుగింజంత ఉంటుంది. అది మాత్రం దొరకలేదు.

బట్టల ఫ్యాక్టరీలో ఇది చిన్న సంగతి కాదు. ఆ లైనులో కుడుతున్నవి పిల్లల పసుపు వానకోట్లు. మొన ఏ కాలరులోనో ఉండిపోతే రేపు ఏ పసిదాని మెడకో గుచ్చుకుంటుంది. అందుకే సూది విరగ్గానే మిషను ఆపేస్తారు. ముక్కలన్నీ ఏరి రిజిస్టరులో అతికించి, సూది మొత్తం వచ్చిందని చూపిస్తేనే కొత్త సూది ఇస్తారు. లేదంటే బల్ల మీదున్న కట్ట మొత్తం, నలభై వానకోట్లు, కత్తెర పాలు. ఒకే మనిషి దగ్గర మూడుసార్లు ముక్క దొరక్కపోతే ఆ మనిషిని మిషను మీంచి లేపి మడతల బల్లకు పంపేస్తారు. పదకొండో మిషను ఆవిడకు ఇది మూడోసారి.

సూదక్కకు కబురు వెళ్లింది.

పంతొమ్మిదేళ్ల కిందట దారాలు కత్తిరించే పనికి వచ్చిన ఈ మనిషి అసలు పేరు ఇప్పుడు హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. పోయిన ముక్కల్ని వెతకడమే ఆమె ఉద్యోగం. వచ్చీ రాగానే నేల మీద పడి దేవులాడదు. దొరికిన ముక్కల్ని అరచేతిలో పెట్టుకుని నిమిషంసేపు తేరిపార చూస్తుంది. ఎవరైనా తొందరపెడితే, "కళ్లకేం తెలుసు? బొమ్మ ముందు బుర్రలో పడాలి. అది పడితే కళ్లు వాటంతటవే అటు పోతాయి" అంటుంది.

ఆ రోజు పొద్దున కూడా ఈ పాఠం ఒకరికి చెప్పి వచ్చింది. చక్కెరను స్టీలు డబ్బాలోంచి ఆకుపచ్చ డబ్బాలోకి మార్చింది. మొగుడు ఆ ఆకుపచ్చ డబ్బా ముందే నిలబడి, "చక్కెర అయిపోయిందే" అని ఇల్లంతా వినపడేలా అరిచాడు. "అవి కళ్లా, గోళీలా? స్టీలు డబ్బా కోసం చూస్తే ఆకుపచ్చది ఎట్లా కనపడుతుంది?" అని దులిపేసింది.

పదకొండో మిషను ఆవిడ సూదక్కకు తోడికోడలే. ఆమెను ఈ పనిలో పెట్టించింది కూడా సూదక్కే.

"మూడు సూదులు విరిచావు. ఇక విరగడానికి మిగిలింది నా పరువే" అంది సూదక్క.

"అక్కా, తిట్లు ఇంటికెళ్లాక తీరిగ్గా తిట్టుకో. నన్ను మడతల బల్లకి పంపారంటే మీ మరిది ఏడాదిపాటు దెప్పుతాడు."

"వాడి నోరు నేను మూయిస్తాలే. ముందు కాళ్లు పైకెత్తు."

సూపర్‌వైజరు గోడ గడియారం వైపు చూశాడు. "మూడున్నర దాకా ఆగుతాను. నాలుగింటికి లారీ. ఆ తర్వాత నన్నేం అనొద్దు."

అయస్కాంతం కట్టిన కర్ర నేలంతా తిరిగింది. రెండు గుండుసూదులు, ఒక స్టేపులు పిన్ను తగిలాయి. సూదక్క బోర్లా పడుకుని టార్చిని నేలకు ఆనించి పట్టింది. దూరంగా ఏదో తళుక్కుమంది. లైనంతా ఊపిరి బిగబట్టింది. తీరా చూస్తే చాక్లెట్ కాగితం. నలభై కోట్లనూ ఒక్కొక్కటే దులిపి, అయస్కాంతం కింద నడిపించారు. ఏమీ లేదు. మిషను పలక ఇనుము కాబట్టి అయస్కాంతం దానికే అతుక్కుపోతుంది. అక్కడ కళ్లే దిక్కు. కుట్టు వంకర పోకుండా ఆ పలక మీద గుర్తుకి ఒక పసుపు టేపు అతికించి ఉంది. సూదక్క దాన్ని మూడుసార్లు చూసింది. మెరుపు లేదు.

మూడూ ఇరవై. సూపర్‌వైజరు పెద్ద కత్తెర తెచ్చి బల్ల మీద పెట్టాడు. తోడికోడలు ఆ కత్తెర వైపు చూడలేక తల తిప్పుకుంది.

సూదక్క నడుం పట్టుకుని లేచింది. పక్కన పన్నెండో మిషను ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తోంది. ఆ సూది మొన మీద సూదక్క చూపు ఆగిపోయింది. అది పసుపు రంగులో ఉంది.

"ఇదేంటే, ఈ రంగు?"

"కోటు గుడ్డ ప్లాస్టిక్కు కదక్కా. సూది వేడెక్కితే కరిగి మొనకి అంటుకుంటుంది. గంటకోసారి గీకుతాం" అంది తోడికోడలు. "నాదీ అంతే."

"ముందే చెప్పొద్దూ!"

"నువ్వు అడిగావా?"

సూదక్క నుదురు కొట్టుకుంది. గంట నుంచి వెతుకుతున్నది మెరిసే మొనని! మెరవని దాని మీదుగా కళ్లు జారిపోయాయి. పొద్దున మొగుడికి పెట్టిన చీవాట్లన్నీ ఇప్పుడు తనకే తగిలాయి. కళ్లు గట్టిగా మూసుకుని బుర్రలోని మెరుపును చెరిపేసింది. దాని చోట ఒక పసుపు చుక్కను నిలబెట్టుకుంది. పసుపు చుక్క ఎక్కడ దాక్కుంటుంది? పసుపు మీదే. కోట్లన్నీ అయస్కాంతం కింద నడిచాయి. నడవని పసుపు ఇంకెక్కడుంది?

కళ్లు తెరిచేసరికి చూపు సూటిగా మిషను పలక మీద వాలింది. టేపు అంచు కొంచెం పైకి లేచింది. ఆ జిగురుకు కరుచుకుని, టేపులో టేపులా పడి ఉంది మొన.

"దొరికిందర్రా!"

లైను లైనంతా లేచి నిలబడింది. తోడికోడలు వచ్చి సూదక్క మెడకు చుట్టేసుకుంది. "వదులు, వదులు, ఊదితే ఎగిరిపోతుంది!" అని అరుస్తూనే సూదక్క చిన్న పట్టకారుతో మొనను పట్టి రిజిస్టరులో మిగతా రెండు ముక్కల చివర ఆనించింది. సందు లేకుండా కలిసింది.

"అక్కడ నేనే పదిసార్లు చూశాను!" అన్నాడు సూపర్‌వైజరు.

"నేను మూడుసార్లు చూశాను. ఈ సంగతి మాత్రం మా ఇంటాయనకి చెప్పకండి."

రిజిస్టరులో టైము మూడూ ఇరవై ఆరు అని పడింది. మూడున్నరకు పదకొండో మిషను మళ్లీ మొదలైంది. లారీ పావుగంట ఆలస్యంగా, నలభై కోట్లతో సహా కదిలింది.

మర్నాడు పొద్దున గంట కొట్టకముందే ముప్పై ఎనిమిది మిషన్ల మీద పసుపు టేపు పీకి నీలం టేపు అతికించారు.